స్వతంత్ర విదేశాంగ విధాన థింక్‌ట్యాంకులు అసలు ఏం పని చేస్తాయి?

థింక్‌ట్యాంకులంటే విదేశాంగ విధానం లాంటి విషయాల మీద పరిశోధన చేసి ప్రభుత్వానికి సూచనలిచ్చే సంస్థలు. రిటైరైన రాయబారులు కూర్చుని టీ తాగడం తప్ప వీటిల్లో పనేముంటుంది అని మీరు అడిగారు. ఢిల్లీలో అలాంటి ఒకదాంట్లో కొన్నేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేశాను. పని బోలెడు ఉంటుంది. టీవీలో అరుచుకునేవాళ్లను చూసి మీరు ఆ మాట అని ఉంటారు. అసలు పని చేసేవాళ్లు టీవీకి రారు, పిలిచినా రారు.

మాది జగిత్యాల వైపు. మా ఊళ్లో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. అందుకే అడిగి మరీ గల్ఫ్ కార్మికుల కనీస వేతనాల మీద నోట్ రాశాను. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినది) మీద వెళ్లేవాళ్లకు దేశాన్ని బట్టి మన విదేశాంగ శాఖ కనీస జీతం నిర్ణయిస్తుంది. అంతకన్నా తక్కువకు కాంట్రాక్టు పెడితే ఆ అనుమతులిచ్చే కేంద్రం పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో అనుమతి రాదు. పన్నెండు పేజీల ఆ నోట్‌ను గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మాజీ రాయబారి ఒకాయన చూశారు. ఎర్ర పెన్నుతో విశేషణాలన్నీ కొట్టేశారు. నేను రాసిన ప్రతి సూచన పక్కనా "ఎవరు చెయ్యాలి? ఏ నిబంధన కింద?" అని రాశారు. "సార్, వాళ్ల కష్టాలు రాయకపోతే ఎలా?" అన్నాను. "కష్టాలు జాయింట్ సెక్రటరీకి తెలుసు. రేపు పొద్దున ఏ ఫైలు కదపాలో చెప్పు" అన్నారు. చివరికి మిగిలింది రెండు పేజీలు, ఒక పట్టిక.

ఆ నోట్ మీద తలుపులు మూసి మీటింగ్ పెట్టారు, చాతమ్ హౌస్ రూల్ కింద. అంటే అక్కడ విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో బయట చెప్పకూడదు. లండన్‌లో అదే పేరున్న సంస్థ 1927లో పెట్టిన పద్ధతి ఇది. మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన అధికారి ఉపన్యాసాలు జరుగుతున్నంతసేపూ పట్టికే చూశారు. ఏ దేశం వేతనం చివరిసారి ఎప్పుడు సవరించారని రెండు ప్రశ్నలు వేసి, ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని వెళ్లారు. మా పని అదే. అధికారి అడగకముందే కాగితం సిద్ధంగా ఉండాలి.

ఇక "స్వతంత్ర" సంగతి. ఢిల్లీ సప్రూ హౌస్‌లో ఉన్న ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ 1943లో ప్రభుత్వేతర సంస్థగా మొదలైంది. ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, 1947 మార్చిలో, ఢిల్లీ పురానా ఖిలాలో ఆసియా దేశాలన్నిటినీ పిలిచి మహాసభ జరిపింది. అంత ధైర్యం ఉన్న సంస్థ కూడా 2001 చట్టంతో ప్రభుత్వ ఛత్రం కిందికి వెళ్లింది. ఇప్పుడు దానికి అధ్యక్షుడు ఉపరాష్ట్రపతి. ప్రైవేటువి మాత్రం తక్కువా? డబ్బిచ్చేవాళ్లు ఫలానా మాట రాయమని ఎప్పుడూ చెప్పరు. ఏ విషయం మీద రాయాలో మాత్రం వాళ్లే తేలుస్తారు. మా గల్ఫ్ పరిశోధన కొనసాగిద్దామంటే స్పాన్సర్ దొరకలేదు. ఇండో-పసిఫిక్ (హిందూ, పసిఫిక్ మహాసముద్రాల ప్రాంతం) అంటే మాత్రం క్యూ కట్టారు.

నేను మానేశాక, 2020 సెప్టెంబరులో, ఆ కనీస వేతనాలనే 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు వచ్చాయి. ఎవరు పట్టుకున్నారు? కార్మికుల తరఫు వాళ్లు తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేశారు. 2021 జులైలో కేంద్రం వాటిని వెనక్కి తీసుకుంది. ఢిల్లీలో నాకు తెలిసిన పరిశోధకుల్లో ఒక్కరు కూడా దాని గురించి నాతో మాట్లాడలేదు. మన పత్రికలూ అంతే. అమెరికా ఎన్నికలకు మొదటి పేజీ, గల్ఫ్‌కు జిల్లా పేజీ, అదీ శవపేటిక వచ్చిన రోజునే.

కాబట్టి వీటి వల్ల ఉపయోగం ఉందా అంటే, ఖచ్చితంగా ఉంది. కానీ మన విషయాలు ఢిల్లీ రాస్తుందని ఎదురుచూడటం శుద్ధ దండగ. హైదరాబాద్‌లోనే ఒకటి పెట్టాలి. గల్ఫ్, అమెరికా వీసాలు, విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలు, ఈ మూడింటి మీదే పనిచేస్తే చాలు. ఐదారుగురికి జీతాలూ ఒక మంచి లైబ్రరీ అయితే మొదలుపెట్టొచ్చు. గుళ్లకూ కల్యాణ మండపాలకూ ఇంతింత విరాళాలిచ్చే మనవాళ్లు దీనికి ఇవ్వరంటే నేను నమ్మను.