నడుం పట్టేసింది, స్క్వాట్స్ మానేయాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాను. ఈమధ్య మూడు వారాల్లో స్క్వాట్ (భుజాలమీద రాడ్డు పెట్టుకుని కిందికి కూర్చుని లేవడం) బరువు 60 కిలోల నుంచి 80 కిలోలకు పెంచాను. పది రోజుల క్రితం చివరి సెట్‌లో పైకి లేస్తుంటే నడుము కింద ఎడమవైపు పట్టేసింది. కాలిలోకి నొప్పి, తిమ్మిరి లేవు. కానీ పొద్దున్నే సాక్స్ తొడుక్కోవడం నరకంగా ఉంది. ట్రైనర్ బెల్ట్ పెట్టుకుని కంటిన్యూ చేయమంటున్నాడు, అమ్మ జిమ్ మానేయమంటోంది. ఎమ్మారై తీయించాలా? – ఒక పాఠకుడు, మియాపూర్

డాక్టర్ సలహా: ఈ ఒక్క విషయంలో అమ్మగారి మాటా వినకండి, ట్రైనర్ మాటా వినకండి.

చూడకుండా నూటికి నూరుపాళ్లు చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇది కండరం పట్టేసిన నొప్పిలాగే ఉంది. ఇలాంటివి చాలామందికి రెండు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటాయి. ఎమ్మారైకి తొందరేం లేదు. తీస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది, అసలు ఇబ్బంది అక్కడే. నడుం నొప్పి లేనివాళ్ల స్కాన్‌లను పరిశీలించిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కేస్తే, 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు) అరిగినట్టు, 30 శాతం మందికి డిస్క్ ఉబ్బినట్టు తేలింది. వాళ్లందరూ హాయిగా తిరుగుతున్నవాళ్లే. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అన్న మాట చదివిన రోజు నుంచి నేలమీద పడ్డ పెన్ను తీయడానికి కూడా భయపడేవాళ్లను నేను ఓపీలో చూస్తూనే ఉంటాను.

అయితే నొప్పి మోకాలు దాటి కిందికి దిగినా, పాదం పైకి ఎత్తలేకపోయినా, జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలో లేపేసేంత నొప్పి ఉన్నా డాక్టర్‌కు చూపించండి. కూర్చునే భాగంలో, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి, మరుసటి రోజుకు వాయిదా వద్దు.

ఇక స్క్వాట్ సంగతి. మూడు వారాల్లో 20 కిలోలు! తొడలు మోయగలిగాయి కాబట్టి నడుం కూడా మోయగలదని అనుకున్నారు. తొడల కండరాలు, పిరుదులు త్వరగా బలపడతాయి. నడుం చుట్టూ ఉన్నవి అంత తొందరగా అలవాటు పడవు. పైగా పట్టేసింది చివరి సెట్‌లో, అంటే అలిసిపోయాక. మొదటి మూడు రెప్స్‌లో (ఒకసారి దిగి లేస్తే ఒక రెప్) మీరు చేసే స్క్వాట్, ఎనిమిదో రెప్‌లో మీరు చేసే స్క్వాట్ ఒకటి కాదు. కావాలంటే చూసుకోండి.

ఎలాగంటే, ఫోన్‌ను బెంచీకి ఆనించి పక్కనుంచి వీడియో తీయండి, ఉత్త రాడ్డుతో చాలు, అదీ నొప్పి లేనంతవరకే. తర్వాత మెల్లగా నడిపిస్తూ మీ షార్ట్స్ నడుం పట్టీని మాత్రమే చూడండి. కిందికి దిగుతున్నంతసేపు ఆ పట్టీ కాస్త ముందుకు వాలి ఉంటుంది, ఒక చోటికి వచ్చేసరికి చటుక్కున వెనక్కి తిరిగి, తోక ముడుచుకున్నట్టు పిరుదులు లోపలికి పోతాయి, నడుం గుండ్రంగా వంగుతుంది. కొద్దిగా తిరగడం అందరికీ ఉంటుంది, దానికే కంగారు పడక్కర్లేదు. ఎక్కువగా తిరుగుతుంటే మాత్రం ప్రస్తుతానికి మీ లోతు ఆ తిరిగే చోటికి నాలుగు వేళ్లు పైనే. అంతకంటే కిందికి వెళ్లకుండా వెనకాల ఒక బెంచీ పెట్టుకోండి, పిరుదులు దానికి తగలగానే లేవండి, కూలబడకూడదు.

'మరి మా నానమ్మ గంటలకొద్దీ గొంతుక్కూర్చుని గిన్నెలు తోమేది కదా' అంటారేమో. ఆవిడ భుజాలమీద 80 కిలోల రాడ్డు లేదు. ఇంకోటి, ఆవిడ మడమలు నేలకు ఆని ఉండేవి. మనం రోజంతా కుర్చీలో, చివరికి బాత్రూంలో కూడా కుర్చీలాంటి దానిమీదే కూర్చుని ఆ మడమల వంపు పోగొట్టుకున్నాం. పరీక్ష చాలా తేలిక. గోడకు ఎదురుగా, కాలి బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తగిలించండి. తగలలేదంటే పిక్కలు బిగుసుకున్నాయని అర్థం, ఆ లోటంతా కింద కూర్చున్నప్పుడు నడుం భరిస్తోంది. రోజూ అదే పరీక్షను వ్యాయామంలా ఒక్కో కాలికి పదిహేనుసార్లు చేయండి, ఈలోపు స్క్వాట్ చేసేటప్పుడు మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేట్ పెట్టుకుంటే మీకే తేడా తెలుస్తుంది. మెత్తటి రన్నింగ్ షూస్ మాత్రం వద్దు, బరువుతో అవి అటూ ఇటూ ఊగుతాయి.

బెల్ట్ గురించి. అది నడుముకు కట్టిన కట్టు కాదు. పొట్టను బిగించినప్పుడు ఆనుకోవడానికి ఒక గోడ, అంతే. బిగించడం రానివాడికి బెల్ట్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎవరో పొట్టలో పొడవబోతున్నారని తెలిస్తే ఎలా గట్టిపడతారో అలా, పొట్టలోకి ఊపిరి తీసుకుని బిగించి దిగండి, లేచాక వదలండి. బీపీ ఉంటే ఊపిరి బిగబట్టొద్దు.

ఇప్పుడు రాడ్డు పక్కన పెట్టి, ఒక 10 కిలోల డంబెల్‌ను ఛాతీకి ఆనించి రెండు చేతులతో పట్టుకుని చేయండి. బరువు ముందుంటే ఒళ్లు దానంతట అదే నిటారుగా ఉంటుంది. మూడు సెట్లు, ఎనిమిదేసి, దిగడానికి మూడు సెకన్లు. పదికి మూడు మార్కుల నొప్పి వరకు ఫర్వాలేదు, మర్నాడు పొద్దున్నకి అది ఎప్పటి స్థాయికి రావాలి, రాకపోతే ఎక్కువ చేశారన్నమాట. సాక్స్ నొప్పి లేకుండా తొడుక్కోవడం మొదలై వారం గడిచాకే రాడ్డు, అదీ 40 కిలోలతో, వారానికి 2.5 కిలోలకు మించి పెంచకుండా. మళ్లీ 80 అందుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

సాక్స్ గొడవకు ఇంకో కారణం కూడా ఉంది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. ఐదున్నరకు లేచి ఆరింటికి జిమ్‌లో స్క్వాట్ చేసే అలవాటుంటే కొన్నాళ్లు సాయంత్రానికి మార్చుకోండి. సాక్స్‌ను కుర్చీలో కూర్చుని, కాలు రెండో తొడమీద వేసుకుని తొడుక్కోండి. మంచం పట్టొద్దు, రోజూ నడవండి. నొప్పి మాత్ర వేసుకుని జిమ్‌కు వెళ్లడం మాత్రం అస్సలు వద్దు, నొప్పే మీకు ఎంత చేయాలో చెప్పేది.

అన్నట్టు, డెడ్‌లిఫ్ట్ (నేలమీది బరువును పట్టుకుని పైకి లేచి నిలబడే వ్యాయామం) గురించి మీరేం రాయలేదు. చాలా జిమ్‌లలో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ రెండూ 'లెగ్ డే' పేరుతో ఒకే రోజు చేయిస్తారు. మీదీ అదే కథైతే రెండింటికీ మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉంచమని ట్రైనర్‌కు చెప్పండి.