పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కొత్త కనూ, మొదటి షికారు

ప్రశ్న: మేము అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో ఉంటున్నాం. ఇద్దరు కూర్చుని తెడ్లతో నడిపే సన్నని పడవ, 16 అడుగుల కనూ ఒకటి ఈ మధ్యే కొనుక్కుని, మే మొదటి వారంలో బ్డె మాకా స్కా సరస్సుకు తీసుకెళ్లాం. ఒడ్డున ఎక్కుతూనే పడబోయి నిలదొక్కుకున్నాం. నేను ముందు సీటులో కూర్చుని కుడివైపు, మా వారు వెనుక సీటులో కూర్చుని ఎడమవైపు తెడ్డు వేశాం. ఎంత వేసినా పడవ కుడివైపుకే తిరిగిపోయింది. మా వారిది కొల్లేటి ఒడ్డు పల్లె. చిన్నతనంలో తాటిదోనె నడిపినవారు కాబట్టి లోపం నా తెడ్డులోనే ఉందంటున్నారు. నిజంగా తప్పు ఎవరిది? లైఫ్‌జాకెట్లు పడవలో పెట్టుకున్నాం గానీ, ఎండ బాగా ఉందని తొడుక్కోలేదు. అవి తొడుక్కోవలసిందేనా? వచ్చే ఆగస్టులో మా రాష్ట్రం ఉత్తరాన ఉన్న సరస్సుల అడవి ప్రాంతం బౌండరీ వాటర్స్‌కు వెళ్లాలన్న మా ఆలోచన తొందరపాటా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ తెడ్డులో లోపమేమీ లేదు. ఇద్దరూ సమానమైన బలంతో చెరోవైపు తెడ్డు వేసినప్పుడు, ఇద్దరు కూర్చునే కనూ ముందు మనిషి తెడ్డు వేసే వైపుకే తిరుగుతుంది. ముందు సీటును కాళ్లు చాపుకోవడానికి వీలుగా కాస్త లోపలికి అమరుస్తారు. వెనుక సీటు మాత్రం పడవ చివరకు దగ్గరగా, అంటే మధ్యభాగానికి మరింత దూరంగా ఉంటుంది. అందువల్ల పడవను తిప్పడంలో వెనుక తెడ్డుకు పట్టు ఎక్కువ. దీనికి తోడు, పడవ ముందుకు సాగుతున్నప్పుడు ఎదురు నీటి ఒత్తిడి ముందు కొసను పక్కకు జరగనివ్వదు. వెనుక కొస మాత్రం ఎటు నెడితే అటు సులువుగా జారుతుంది. మీ వారు ఎడమవైపు తెడ్డు వేసిన ప్రతిసారీ మీ పడవ కుడికి తిరగడానికి కారణం ఇదే.

దీన్ని సరిదిద్దవలసిన బాధ్యత మాత్రం వెనుక కూర్చున్నవారిదే. తెడ్డును నీటిలో వెనక్కి లాగడం పూర్తవుతున్న క్షణంలో పిడి పట్టుకున్న చేతి బొటనవేలు కిందికి వచ్చేలా మణికట్టు తిప్పి, తెడ్డు రెక్కతో నీటిని పడవ నుంచి దూరంగా కొద్దిగా నెట్టాలి. నీటిలో తెడ్డు నడిచిన దారి ఇంగ్లీషు జె అక్షరంలా ఉంటుంది కాబట్టి దీన్ని జె స్ట్రోక్ అంటారు. మొదట్లో మణికట్టు నొప్పి పుడుతుంది, వేగం కూడా తగ్గుతుంది. అంతవరకు ఓపిక లేనివారు నాలుగైదు తెడ్లకొకసారి ఇద్దరూ ఒకేసారి వైపులు మార్చుకుంటూ వెళ్లవచ్చు. పోటీల్లో పాల్గొనేవారు కూడా అలాగే చేస్తారు కనుక అందులో చిన్నతనమేమీ లేదు. వైపు మార్చమని వెనుకవారు ఒక్క మాటలో చెప్పాలి. వెనుక ఏం జరుగుతోందో మీకు కనబడదు, మీ తెడ్డు మాత్రం ఆయనకు కనబడుతూనే ఉంటుంది. అందువల్ల తెడ్డు వేసే జోరును మీరు నిర్ణయించడం, మీ జోరుకు ఆయన తన తెడ్డును కలపడం మంచి పద్ధతి. నీటి అడుగున ఉన్న బండలు, మొద్దులు మొదట మీకే కనబడతాయి కనుక వాటిని చూసి చెప్పడం కూడా మీ పనే.

మీ వారి తాటిదోనె అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇరుకైన దోనెలో ఒళ్లు తూచుకుంటూ నిలబడటం నేర్చినవారికి కనూ ఊగిసలాట భయం కలిగించదు, అది పెద్ద లాభమే. అయితే కొల్లేరులాంటి లోతు తక్కువ నీటిలో దోనెకు వాడే గెడ (పొడవాటి కర్ర) నేలను తన్నుకుని పడవను నడుపుతుంది. గెడను ఏ వైపుకు వాలిస్తే పడవ దానికి తగినట్టు వెంటనే మాట వింటుంది. తెడ్డుకు అలాంటి నేల ఆధారం లేదు, జారిపోయే నీటినే పట్టుకోవాలి. గెడ వేసేవారు నిలబడి వేస్తారు, కనూలో తెడ్డు వేసేవారు నిలబడకూడదు. ఈ రెండు అలవాట్లను మార్చుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టవచ్చు.

ఎక్కేటప్పుడు పడబోయామని రాశారు. పడవను సగం ఇసుక మీద, సగం నీటిలో ఉంచి ఎక్కి ఉంటారని నా ఊహ. కొత్తవారిలో చాలామంది కాళ్లు తడుస్తాయని ఇలాగే చేస్తారు. అలా ఉన్నప్పుడు కనూ ఒక సన్నని కొస మీద ఆనుకుని ఉంటుంది, దాని వెడల్పాటి నడుము భాగాన్ని మోయడానికి కింద తగినంత నీరు ఉండదు. కాబట్టి పడవను ఒడ్డుకు సమాంతరంగా, మోకాలి లోతు కన్నా తక్కువ నీటిలో పూర్తిగా తేలనిచ్చి, ఒకరు అంచు పట్టుకుని ఉండగా రెండోవారు వంగి, రెండు చేతులతో రెండు అంచులనూ పట్టుకుని, పాదాన్ని సరిగ్గా మధ్య గీత మీద మోపి ఎక్కాలి. పడవ ఊగినప్పుడు అంచులను గట్టిగా పట్టుకోవాలనిపించడం సహజమే గానీ, అలా పట్టుకుంటే శరీర బరువు పైకి, పక్కకు చేరి ఊపు పెరుగుతుంది. దానికన్నా మోకాళ్లను ఎడంగా ఉంచి అడుగుకు ఆనించి, తల పడవ అంచులు దాటకుండా చూసుకుంటూ తెడ్డును నీటిలోనే ఉంచితే పడవ త్వరగా కుదురుకుంటుంది. బ్డె మాకా స్కా విశాలమైన సరస్సు, గాలి తగిలితే అలలు లేస్తాయి. దానికి కాలువతో 1911లో కలిపిన లేక్ ఆఫ్ ది ఐల్స్ ఇరుకుగా, ఒడ్డు చేరువగా ఉంటుంది కనుక మరికొన్ని వారాలు అక్కడే అభ్యాసం చేయడం మేలు. ఎక్కడికి వెళ్లినా మొదట గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిపోయి తిరిగివచ్చేటప్పుడు గాలి తోడుగా ఉంటుంది. ఎదురుగాలిలో ముందు కొస తేలికై పక్కకు కొట్టుకుపోతుంటే, మీ సంచిని మధ్య అడ్డకర్రకు ముందువైపు జరపండి.

లైఫ్‌జాకెట్ విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. మిన్నెసోటా చట్టం ప్రకారం పడవలో మనిషికొకటి చొప్పున అందుబాటులో ఉంటే చాలు. తొడుక్కునే ఉండాలన్న నిబంధన 10 ఏళ్లలోపు పిల్లలకే వర్తిస్తుంది. కాబట్టి మీరు చట్టాన్ని దాటలేదు. అయితే అక్కడి సరస్సుల మీద మంచు కరిగేదే ఏప్రిల్‌లో. మే మొదటి వారంలో ఎండ ఎంత వెచ్చగా తగిలినా నీరు ఇంకా చన్నీళ్లే. చన్నీటిలో పడిన మనిషి ఒంటి స్థితిపై పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ గుర్తుపెట్టుకోవడానికి ఒక లెక్క ప్రచారం చేశారు: ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనికివచ్చేలా కదిలేది 10 నిమిషాలే, ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. మొదటి నిమిషంలో మనిషి తన ప్రమేయం లేకుండానే ఎగశ్వాస తీస్తాడు. ఆ క్షణంలో తల నీటిపైన లేకపోతే ఎంత ఈత వచ్చినా ప్రయోజనం ఉండదు. పడవలో పడి ఉన్న జాకెట్‌ను నీటిలో పడ్డాక తొడుక్కోవడం ఎంత కష్టమో, ఎండాకాలంలో ఒడ్డు పక్కన లోతులేని చోట ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. పడవ బోల్తా పడితే దాన్ని వదిలి ఈదకండి. నీళ్లు నిండినా కనూ తేలుతూనే ఉంటుంది, వెతికేవారి కంటికి కూడా మీ తలకన్నా అదే ముందు కనబడుతుంది.

బౌండరీ వాటర్స్ ఆలోచన తొందరపాటు కాదు గానీ, ఆగస్టుకు ఒక పగటి ప్రయాణంతో సరిపెట్టుకోమని సలహా ఇస్తాను. పది లక్షల ఎకరాలకు పైబడి, వెయ్యికి పైగా సరస్సులున్న ఆ ప్రాంతంలో ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పడవనూ సామానునూ భుజాన మోసుకుని కాలిబాటన నడవాలి. ఈ బాటల దూరాన్ని పటాల్లో రాడ్లలో చూపుతారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, 320 రాడ్లయితే ఒక మైలు. ప్లాస్టిక్ కనూ 70, 80 పౌన్లు తూగడం మామూలే కాబట్టి, 100 రాడ్ల బాట చూపులకు చిన్నదైనా భుజానికి చిన్నది కాదు. రాత్రి బస చేయాలంటే మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కోటా అనుమతి ముందుగా తీసుకోవాలి. పగటి ప్రయాణానికీ అనుమతి పత్రం అవసరమే, అయితే దాన్ని ప్రవేశస్థలం దగ్గర మీరే నింపుకోవచ్చు. రేకు డబ్బాల్లోనూ గాజు సీసాల్లోనూ ఆహారం, పానీయాలు తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఆవకాయను ప్లాస్టిక్ సీసాలోకి మార్చుకోండి.

మీరు అడగకపోయినా మరో రెండు విషయాలు చెప్పాలి. మిన్నెసోటాలో 10 అడుగులు మించిన పడవకు మోటారు లేకపోయినా లైసెన్సు ఉండాలి కనుక మీ కనూకు తీసుకున్నారో లేదో చూసుకోండి. 1989లో డులూత్ రేవులో మొదట కనిపించిన జీబ్రా మసెల్ అనే చిన్న ఆలిచిప్పలు ఇప్పుడు ఆ రాష్ట్రంలోని ఎన్నో సరస్సులకు పాకాయి. అందుకే ఒక సరస్సు నుంచి బయటికి వచ్చాక పడవకు అంటిన నాచునూ మొక్కలనూ తీసివేసి, నీరంతా ఒంపి, ఆరిన తరువాతే మరో సరస్సులో దించాలి.