మొక్కల్ని కాపాడే పనిలో బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం చదువుతోంది. మన ప్రాంతపు మొక్కల్ని కాపాడే పనే చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచర్ అవ్వమని నేనంటున్నాను. ఆమె మాట వినమంటారా?

జవాబు: వినండి. ఈ పనికి ఒకే పేరుతో నోటిఫికేషన్ రాదు కాబట్టి ఉద్యోగాలు లేవనిపిస్తుంది. అటవీ శాఖ, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా, విత్తన బ్యాంకులు, నర్సరీలు, యూనివర్సిటీ ప్రాజెక్టులు... ఇలా తలా కాస్త ఉంటుంది.

అన్నిచోట్లా ముందు అడిగేది మొక్కను గుర్తుపట్టే నేర్పే. బోటనీ పట్టా ఉన్నవాళ్లకు కొదవ లేదు. నాలుగు రకాల తుంగ ముందు పెడితే వేరుచేసి చెప్పేవాళ్లే తక్కువ. ఆ నేర్పు రావడానికి మీ అమ్మాయి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మీ పక్కనే బీల (చిత్తడి నేల) ఉంది. 2010లో థర్మల్ ప్లాంట్ వద్దని మీ జనం పోరాడినప్పుడు, బీల పనికిరాని నేల కాదని చెప్పడానికి అక్కడి నీళ్లు, చేపలు, మొక్కలే ఆధారమయ్యాయి. ఈ రెండేళ్లూ అక్కడి మొక్కల్ని నెలనెలా చూసి రాసుకోమనండి. పువ్వో కాయో ఉన్న కొమ్మే కోయాలి. పేపర్ల మధ్య నొక్కి, తడి పేపర్లు రోజూ మార్చాలి. ఎండితే పువ్వు రంగు పోతుంది కాబట్టి రంగు, చోటు, తేదీ, ఊళ్లో పిలిచే పేరు అక్కడికక్కడే రాయాలి. ఇంటర్వ్యూలో మార్కుల మెమో కన్నా ఇలా ఎండబెట్టిన మొక్కల షీట్లే ఎక్కువ మాట్లాడతాయి.

నర్సరీ పని కూడా చిన్నచూపు చూడొద్దు. ఒడిశా సరిహద్దు కొండల్లోని గుగ్గిలం చెట్టు గింజ వానల ముందు రాలుతుంది. ఎండబెట్టి డబ్బాలో దాచుకుందామంటే కుదరదు, వారం పది రోజుల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. ఇలాంటివి చేతులతో చేసి తెలుసుకున్న మనిషి ఏ నర్సరీకైనా కావాలి. 2002 జీవవైవిధ్య చట్టం వచ్చాక ఊరూరా అక్కడి మొక్కలు, జంతువులు, వాటి వాడకం గురించి రిజిస్టర్లు రాయాల్సి ఉంది. పెద్దవాళ్ల పక్కన కూర్చుని అడిగి రాయగల పిల్లలు అక్కడా అవసరమే.

డబ్బు సంగతి దాచను. మొదట్లో దొరికే ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు తాత్కాలికమే, మీ టెన్షన్ న్యాయమైనదే. అందుకే ఎంఎస్సీ చేస్తూ లైఫ్ సైన్సెస్‌లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదట నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె. బోటనీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకూ అర్హత ఉంది. అందులో ఆడపిల్లలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి, ఆ అలవాటు ఇప్పటి నుంచే మంచిది.

బీఈడీ ఎంఎస్సీ తర్వాతైనా చేయొచ్చు. ఎంఎస్సీ, నెట్ ఉంటే డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టుకు కూడా పోటీపడొచ్చు కాబట్టి, మీరు కోరుకున్న దారి మూసుకుపోదు.