పెద్దవాళ్ళ పనిలోకి దిగుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి తెనాలిలో మీ వార్డులో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళకి సాయంగా ఉండాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. రెవెన్యూలో పనిచేసి, రిటైరయ్యాక పెన్షనర్ల సంఘం పనులు నెత్తిన వేసుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు బ్యానరు కట్టి చేసే కార్యక్రమాల సంగతి. పళ్ళూ దుప్పట్లూ పంచి ఫొటోలు దిగే కార్యక్రమంతో మొదలుపెట్టకండి. అక్టోబరు 1 వృద్ధుల దినోత్సవం. ఆ రోజు వృద్ధాశ్రమాలకి ఒక బ్యాచ్ వెనక ఒక బ్యాచ్ వస్తుంది. పళ్ళు లేనివాళ్ళకి ఆపిల్ కాయలు చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటారు. మర్నాటి నుంచి ఒక్కరూ కనపడరు. మీరు వారానికి ఒక రోజు, ఒక టైము అనుకుని ఆ ప్రకారమే వెళ్ళండి. మనిషికి రెండు మూడు ఇళ్ళకి మించి ఒప్పుకోవద్దు. రాలేని వారం ముందే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే వాళ్ళు పొద్దున్నుంచీ గుమ్మంవైపే చూస్తుంటారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఫారాలు పట్టుకెళ్ళకు. చేతిలో కాగితాలు కనిపిస్తే సర్వేకి వచ్చారనుకుంటారు. పింఛను ఎక్కడ తీసేస్తారోనని ఉన్నదీ చెప్పరు, లేనిదీ చెప్పరు. కాఫీ ఇస్తే తాగు. మాటల మధ్యలో మందుల డబ్బా చూపించమని అడుగు. షాపులో స్ట్రిప్పు సగానికి కత్తిరించి ఇస్తారు కదా, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటే రెండూ వేసేసుకునేవాళ్ళు ఉన్నారు. అలాగని నువ్వు ఏదీ ఆపమని చెప్పకు. డబ్బా మొత్తం సంచీలో వేసుకుని వాళ్ళతోపాటు డాక్టరు దగ్గరికి వెళ్ళు.

తర్వాత ఆధార్ కార్డు చూడు. అందులో పుట్టిన తేదీ తప్పుంటే చాలా పనులు అక్కడే ఆగిపోతాయి. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్ళకి, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. మనిషికి 75 ఏళ్ళున్నా ఆధార్‌లో 68 అని ఉంటే ఆ కార్డు రాదు. ముందు అది సరిచేయించాలి. జీవితమంతా అంట్లు తోమి, కలుపు తీసిన చేతులకి వేలిముద్రలు అరిగిపోతాయి, మెషిన్‌లో పడవు. సబ్బుతో కడిగించి, తుడిచి, వేరే వేలు పెట్టించు. అయినా పడకపోతే కంటిపాపతో గానీ ముఖంతో గానీ చెయ్యమని అడుగు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు బతికే ఉన్నామని నవంబరులో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పత్రం ఇప్పుడు ఇంట్లోనే, ఫోన్ కెమెరాకి ముఖం చూపించి ఇవ్వొచ్చు. 80 దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇచ్చుకోవచ్చు. మంచాన ఉన్నవాళ్ళని ఆటోలో ఎక్కించి బ్యాంకుకి తిప్పే బాధ తప్పుతుంది.

ఇక ఆఫీసులు. నువ్వు మామ్మగారిని వెంటబెట్టుకుని వెళ్తే కౌంటర్లో మనిషి ఆవిడ మొహం చూడడు. "ఏమ్మా, ఈవిడకేం కావాలి?" అని నిన్నే అడుగుతాడు. నువ్వు జవాబు చెప్పకు. "మామ్మగారూ, మీరే చెప్పండి" అను. ఆవిడ తడబడుతుంది, చెప్పిందే చెప్తుంది. చెప్పనీ. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. పెద్దమనిషి ఎదురుగా నిలబడి తన గోడు తాను చెప్పుకుంటుంటే "రేపు రండి" అనడానికి నోరు రాదు. పక్కవాళ్ళు గడగడా చెప్పేస్తే అది పైరవీ కింద తీసుకుంటారు. నోటిమాటతో మాత్రం సరిపెట్టుకోకండి. అర్జీ రెండు కాపీలు రాయించి, రెండోదానిమీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి.

పిల్లలు చూడట్లేదన్న కేసులు తప్పకుండా వస్తాయి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. లాయరుతో పని లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకి 10,000 దాకా మనోవర్తి వేయొచ్చని చట్టంలో ఉంది. పిల్లలు లేనివాళ్ళు తమ ఆస్తి దక్కబోయే బంధువుల మీద కూడా కేసు వేయొచ్చు. ఇల్లు రాసిచ్చేద్దామనుకుంటున్న పెద్దాయన ఎవరైనా ఉంటే, బాగోగులు చూడాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోమను. షరతు ఉంటే, చూడనప్పుడు సెక్షన్ 23 కింద ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. షరతు లేకుండా రాసిచ్చినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో 2022లో సుప్రీంకోర్టు తీర్పు చూస్తే తెలుస్తుంది.

అయితే ఇదంతా చెప్పాక చాలామంది "కన్నకొడుకు మీద కేసా? వద్దమ్మా" అంటారు. బలవంతపెట్టకు. మీకు ఎంత ఒళ్ళు మండినా కొడుకుతో తెగదెంపులు చేసుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆ తల్లే. కొడుకుతో ఒకసారి మాట్లాడమంటే మాట్లాడు, వద్దంటే ఊరుకో. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పెద్దవాళ్ళ కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంటుందని చెప్పి, ఆ నంబరు పెద్ద అక్షరాలతో గోడమీద రాసిపెట్టు. చెయ్యి చేసుకుంటున్నారని, ప్రాణానికి ముప్పు ఉందని అనిపిస్తే మాత్రం ఇక ఆలోచించకు, అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యి.

డబ్బు దగ్గర గట్టిగా ఉండండి. ఎవరి ఏటీఎం కార్డూ మీరు తీసుకోవద్దు, పిన్ను చెప్తున్నా వినొద్దు, ఎవరి దస్తావేజులోనూ సాక్షి సంతకం పెట్టొద్దు. ఏ ఇంటికైనా ఎప్పుడూ ఇద్దరు కలిసే వెళ్ళండి. ఎంత మంచిగా ఉన్నా అమెరికాలో ఉన్న కూతురికి అనుమానం రావొచ్చు, రావడంలో తప్పు కూడా లేదు. వీడియో కాల్‌లో పోలీసులమంటూ డిజిటల్ అరెస్టు అని బెదిరించి డబ్బు లాగే దొంగల గురించి ప్రతి ఇంట్లో చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, గంటలు గడిచేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

ఇళ్ళు ఎలా వెతకాలని టెన్షన్ పడకు. 1వ తారీఖు పింఛను ఇవ్వడానికి వార్డు సచివాలయం వాళ్ళు ఇంటింటికీ తిరుగుతారు. ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరు తలుపు తీయడానికి కూడా లేవలేకపోతున్నారో వాళ్ళకి తెలుసు. వాళ్ళని మంచి చేసుకోండి. ఆర్డీవోకి పెట్టే మొదటి అర్జీ చిత్తుప్రతి నాకు వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపుతాను.

ఇట్లు,
పెదనాన్న