జియోగ్రఫీ కోన్ నత్తను వెడల్పు వైపు పట్టుకుంటే కుట్టదా?

కోన్ నత్తను (శంకువు ఆకారపు గుల్ల ఉండే విషపు సముద్ర నత్తను) వెడల్పాటి చివర పట్టుకుంటే కుట్టదని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగారు. నిజం కాదు. దయచేసి ఆ మాట నమ్మి ముట్టుకోకండి.

నేను చాలా ఏళ్లుగా పగడపు దిబ్బల దగ్గర డైవింగ్ చేస్తున్నాను. కోన్ నత్తల జాతుల్లో మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసింది జియోగ్రఫీ కోన్. పగలు ఇసుకలోనో రాళ్ల కిందో నక్కి ఉంటుంది, చీకటి పడ్డాక వేటకు వస్తుంది. ఒక రాత్రి టార్చ్ వెలుతురులో దాని వేట దగ్గర్నుంచి చూశాను. నోటి అంచు మెల్లగా సాగి గరాటులా విచ్చుకుంది. రాతి సందులో ఉన్న చిన్న చేప కళ్లముందే అందులోకి వెళ్లిపోయింది, కనీసం తోక కూడా ఆడించలేదు. పారిపోదేమిటా అని చాలాకాలం ఆలోచించాను. 2015లో వచ్చిన ఒక పరిశోధన చదివాక అర్థమైంది: దీని విషంలో చేపల ఇన్సులిన్‌ను పోలిన ఇన్సులిన్ ఉంటుందట! దాంతో చేపకు షుగర్ పడిపోయి కదల్లేని స్థితికి వస్తుంది. నత్త ఇన్సులిన్‌ను ఆయుధంగా వాడుకోవడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్న. గుల్ల సన్నని కొసన బయటికి కనిపించే గొట్టం కుట్టేది కాదు, వాసన పసిగట్టేది. కుట్టే తొండం వేరే. అది సన్నగా ఉండి బాగా సాగుతుంది, వెనక్కి తిరిగి మీరు పట్టుకున్న వెడల్పు చివరను కూడా అందుకోగలదు. దాని కొసన బోలుగా ఉండే పన్ను ఒకటి ఉంటుంది, విషం అందులోంచే ఎక్కుతుంది. గ్లవ్స్ వేసుకున్నాను కదా అని ధైర్యం చేయొద్దు, అది గుచ్చుకుని లోపలికి దిగుతుంది. ఖాళీ గుల్ల అనుకున్న దాంట్లో కూడా నత్త లోపలికి ముడుచుకుని ఉండొచ్చు.

కుట్టినప్పుడు ఒక్కోసారి నొప్పే తెలియదు, అందుకే తేలిగ్గా తీసుకుంటారు. తర్వాత తిమ్మిరి, చూపు మసకబారడం, ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడటం మొదలవుతాయి. విరుగుడు మందు లేదు. కుట్టిన చేతికి గట్టిగా బ్యాండేజ్ చుట్టి, కదలకుండా ఉంచి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం లాంటివి వద్దు. శ్వాస ఆగితే దారిలో కూడా కృత్రిమ శ్వాస ఇస్తూనే ఉండాలి. విషం ప్రభావం తగ్గేదాకా వెంటిలేటర్ మీద నెట్టుకొస్తే మనిషి కోలుకునే అవకాశం ఉంటుంది.