కాటా స్క్రీన్‌కి టెస్టులు ముందు రాయాలంటే కోడ్ ఎక్కడ విడగొట్టాలి?

భీమవరం దగ్గర మిల్లుకి విన్‌ఫారమ్స్‌లో (విండోస్ స్క్రీన్లు, బటన్లు తయారుచేసే డాట్‌నెట్ టూల్) ధాన్యం కాటా స్క్రీన్ రాస్తున్నామని, బటన్లు నొక్కే టెస్టులు పూటకొకటి ఫెయిలవుతున్నాయని అడిగారు. తప్పు టూల్‌ది కాదండీ. లెక్కంతా క్లిక్ హ్యాండ్లర్లో, అంటే బటన్ నొక్కగానే నడిచే కోడ్‌లో ఉంటే ఫారమ్ తెరవందే ఏదీ పరీక్షించలేం.

నిర్ణయాలన్నీ ప్రెజెంటర్ అనే క్లాసులోకి లాగెయ్యండి. ఫారమ్‌కి ఒక ఇంటర్‌ఫేస్ (ఏమేం చెయ్యాలో చెప్పే జాబితా) చాలు: బరువు, తేమ అందించాలి, బస్తాలు చూపించాలి, సేవ్ ఆపాలి, హెచ్చరిక చూపించాలి. ప్రెజెంటర్‌ని విన్‌ఫారమ్స్ రిఫరెన్సే లేని వేరే ప్రాజెక్టులో పెట్టండి. అప్పుడు ఎవరైనా పొరపాటున టెక్స్ట్‌బాక్స్ ముట్టుకున్నా కంపైలరే ఒప్పుకోదు.

మొదటి టెస్టు: నకిలీ వ్యూలో (ఫారమ్ బదులు అదే ఇంటర్‌ఫేస్‌తో టెస్టు కోసం రాసిన క్లాసు) బరువు 4,530 కిలోలు పెట్టండి. మన వైపు బస్తా 75 కిలోలు కాబట్టి "60 బస్తాల 30 కిలోలు" రావాలి. తర్వాత తేమ హద్దు: 17 శాతానికి సేవ్ తెరిచే ఉండాలి, 17.1కి ఆగాలి. బరువుకి, రేటుకి డబుల్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకం) వద్దు, డెసిమల్ (ఉన్నదున్నట్టు దాచే రకం) వాడండి. పైసల దగ్గర చీటీకి, ఖాతాకి తేడా రాదు.

అసలు చిక్కు కాటా కేబుల్ దగ్గర. కేబుల్ తగిలే సీరియల్ పోర్ట్ ఈవెంట్ స్క్రీన్‌ని నడిపే థ్రెడ్‌లో కాక వేరే థ్రెడ్‌లో వస్తుంది, అక్కణ్ణించి లేబుల్ మారిస్తే ఎక్సెప్షన్ రావచ్చు. పనిని స్క్రీన్ థ్రెడ్‌కి అప్పగించే బిగిన్‌ఇన్వోక్ ఫారమ్‌లోనే ఉంచండి, ప్రెజెంటర్‌కి థ్రెడ్ల సంగతి తెలియనక్కర్లేదు. పైగా రీడింగు ఒకేసారి రాదు: ముందు "045", కాసేపటికి "30", ఆ తర్వాత లైన్ ముగింపు. ఈ ముక్కలు అతికే పనికి చిన్న క్లాసు విడిగా రాసి, ఇవే ముక్కలతో టెస్టు పెట్టండి. దాళ్వా (రబీ వరి) కోతల్లో ట్రాక్టరు కాటా మీద పూర్తిగా ఆగకముందే గుమాస్తా సేవ్ నొక్కేస్తాడు. అందుకని వరసగా మూడు రీడింగులు ఒకటే అయితేనే బరువు ఖాయం చెయ్యాలి. 4,510, 4,530, 4,530 ఇచ్చి సేవ్ ఆగే ఉందో లేదో చూడండి. ఇంకో 4,530 వచ్చాకే తెరవాలి.

మెసేజ్‌బాక్స్ కూడా ఇంటర్‌ఫేస్ వెనకే ఉండాలి, లేకపోతే ఓకే ఎవరు నొక్కుతారా అని టెస్టు కూర్చునే ఉంటుంది. చీటీ మీది టైము కూడా బయటినుంచే ఇవ్వండి, టెస్టులో మనకి కావాల్సిన టైము పెట్టుకోవచ్చు.

ఇవన్నీ పాసైనా, సేవ్ బటన్‌కి ఈవెంట్ తగిలించడం మర్చిపోతే ఏ టెస్టూ పట్టదు. దానికోసం నిజంగా ఫారమ్ తెరిచే టెస్టు స్క్రీనుకొకటి ఉంచండి, అంతకుమించి వద్దు.