మహేంద్రగిరికి సాలీళ్ళ కోసం వస్తున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

దసరా సెలవులకి పర్లాకిమిడి వస్తానని, మహేంద్రగిరి అడవిలో బంగారు రంగు గూడు అల్లే ఆ పెద్ద సాలీడు ఫొటోలు తీస్తానని రాశావు. రా. ఫోన్ సంగతి తర్వాత, ముందు నడక నేర్చుకో. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కబుర్లలో పడి, ఎదురుగా ఏముందో చూసుకోకుండా మొహంతో ఒక గూడు మొత్తం చింపేశాను, కళ్ళజోడుకి అంటుకున్న దారాలు లాగుతుంటే సాగుతాయి తప్ప తెగవు. చాలా సాలీళ్ళు ఏ రోజుకారోజు గూడు విప్పేసి కొత్తది అల్లుకుంటాయి. ఇది అలా కాదు, పాతదాన్నే కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ అందులోనే కాపురం చేస్తుంది. అంత కష్టం ఒక్క అడుగులో పోగొట్టాను.

అందుకే పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ, సూర్యుడికి ఎదురుగా చూస్తూ నడువు. చెట్టుకీ చెట్టుకీ మధ్య బంగారు పసుపు దారాలు మెరుస్తాయి. ఎండ వల్ల వచ్చిన రంగు కాదది, దారం రంగే అంత. గూడు మీటరు వెడల్పు దాటడం మామూలే. సాలీడు కోసం సరిగ్గా మధ్యలో వెతక్కు, ఆ గూటి బొడ్డు, అంటే దారాలన్నీ కలిసే చోటు, పైఅంచు దగ్గరగా ఉంటుంది, అక్కడే తలకిందులుగా వేలాడుతుంది. ఒళ్ళే 3 నుంచి 5 సెంటీమీటర్లు, కాళ్ళు చాపితే అరచేయంత. అది ఆడది. మగది అదే గూట్లో అర సెంటీమీటరుంటుంది, నేను రెండేళ్ళు దాన్ని పిల్ల అనుకున్నాను! వెండి చుక్కల్లా మెరిసే ఇంకా చిన్నవి కనిపిస్తే అవీ పిల్లలు కావు, దీని తిండి దొంగిలించి బతికే వేరే జాతి సాలీళ్ళు.

కర్రతో బాట దులుపుకుంటూ వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు కర్ర పట్టుకోకు, మా నల్ల గొడుగు ఇస్తాను. వానకీ పనికొస్తుంది, గూటికి తగలకుండా వెనక విప్పి పట్టుకుంటే ఫొటోలో దారాలన్నీ తేలి కనిపిస్తాయి.

విషం గురించి మీ అమ్మకి టెన్షన్ వద్దని చెప్పు, పురుగుల్ని చంపుతుంది గానీ మనిషికి ప్రమాదం లేదు. చేత్తో పట్టి నలిపితే మాత్రం కరుస్తుంది, కరవదా మరి.

గూడు ఉండి ఆడది కనిపించకపోతే నేల చూసి అడుగెయ్యి. గుడ్లు పెట్టడానికి కిందికి దిగి, చిన్న గుంట తవ్వి, గుడ్ల సంచిని మట్టితో, ఆకులతో కప్పేస్తుంది.

పేరు నోట్‌బుక్‌లో రాసుకో, నెఫిలా పిలిపెస్. అందులో పిలిపెస్ అన్నది 1793లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఐదింటికి లేపుతాను, అత్తయ్య చేత రెండోసారి పిలిపించుకోకు.

మీ మావయ్య